జీతం లేని ఆచార్యపీఠం: ఎమ్మీ నోథర్ జీవితం

గారెకు నడుమ రంధ్రం ఉన్నది, బూరెకు లేదు. గారె పెద్దదైనా చిన్నదైనా, గుండ్రంగా వచ్చినా వంకరగా వచ్చినా ఆ రంధ్రం రంధ్రమే. కొలతలను పక్కకు పెట్టి, వస్తువును సాగదీసినా వంచినా మారని ఇట్టి లక్షణాలను మాత్రమే విచారించే గణితశాఖకు టోపాలజీ అని పేరు. వినడానికి పిల్లల ఆటవలె తోచే ఈ విచారం చాలాకాలం కొద్దిమంది పండితుల ఏకాంత వ్యాసంగంగా ఉండినది. 21వ శతాబ్దంలో అది వైద్య పరిశోధనశాలల లోనికి, కంప్యూటర్ల లోనికి కూడ ప్రవేశించినది. రోగుల శరీరాల నుండి సేకరించిన వేలకొలది సంఖ్యల రాశికి సైతం ఒక ఆకారం ఉన్నదని, ఆ ఆకారంలోని ముక్కలను, రంధ్రాలను గుర్తించినట్లయితే సంఖ్యలు దాచుకొన్న రహస్యం బయటపడుతుందని విశ్వసించి పనిచేసే పరిశోధకుల సమాజం ఒకటి దేశదేశాల వ్యాపించినది. ఆ సమాజం వారు నిత్యం వాడుకొనే పనిముట్లకు పునాది వేసిన వారిలో ముఖ్యురాలు, తన దేశంలో పూర్తి ఆచార్య పదవిని ఎన్నడూ ఎరుగని ఒక స్త్రీ. ఆమె ఎమ్మీ నోథర్.

1882 మార్చి 23వ తేదీన జర్మనీలోని బవేరియా ప్రాంతమందు ఎర్లాంగెన్ అనే చిన్న పట్టణంలో ఎమ్మీ జన్మించినది. తండ్రి మాక్సు నోథర్ అక్కడి విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడు. బాల్యంలో సోకిన పోలియో వ్యాధి వలన కాలు సరిగా సాగకపోయినా, విద్వత్తులో యూరప్ అంతటా గౌరవం గడించినవాడు. తల్లి ఇడా కొలోన్ నగరపు సంపన్న యూదు కుటుంబంలో పుట్టినది. నలుగురు సంతానంలో ఎమ్మీయే పెద్దది. ఆమె తరువాత పుట్టినవారు ముగ్గురూ మగపిల్లలు. ఇంటిలో గణితం మాటలాడుకొనే వాతావరణం ఉన్నా, ఆడపిల్లకు నేర్పించినది మాత్రం భాషలు, పియానో, ఇంటి పనులు. ఎమ్మీకి నృత్యమంటే మహా ఇష్టం. బాల్యంలో ఆమెను చూచినవారెవ్వరూ ఆమె గొప్ప గణితజ్ఞురాలు కాగలదని ఊహించలేదు. 1900లో ఆమె బాలికల పాఠశాలల్లో ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలు బోధించడానికి కావలసిన ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణురాలైనది. అంతటితో ఒక గౌరవమైన ఉద్యోగానికి దారి ఏర్పడినది. ఆ దారిని వదలి ఆమె విశ్వవిద్యాలయం మెట్లెక్కినది.

ఆ మెట్లు సులభంగా ఎక్కనిచ్చినవి కావు. స్త్రీలను విద్యార్థులుగా చేర్చుకొన్నచో విద్యావ్యవస్థ తలక్రిందులవుతుందని ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయ పాలకవర్గం రెండేండ్ల క్రిందటనే తీర్మానించి ఉన్నది. వినదలచిన స్త్రీ ఒక్కొక్క ఆచార్యుని విడివిడిగా అర్థించి, ఆయన దయ తలచినచో వెనుక కూర్చుని వినవచ్చు. ఆయన వద్దన్నచో వచ్చిన దారిని వెళ్లిపోవలె. ఆనాడు అక్కడ చదివే 986 మందిలో స్త్రీలు ఇద్దరే. కన్నతండ్రి ఆచార్యుడుగా ఉన్న విద్యాలయంలోనే కుమార్తె అనుమతి అడుగుకొని కూర్చున్నది. రెండేండ్లు ఈ విధంగా వినుటతోనే సరిపోయినది. 1903లో ఆమె ప్రవేశపరీక్ష నెగ్గి, ఒక అర్ధసంవత్సరం గొట్టింగెన్ నగరంలో హిల్బర్టు, క్లైన్, మింకోవ్‌స్కీ మొదలైన మహామహుల ఉపన్యాసాలు విన్నది. 1904లో ఎర్లాంగెన్ తలుపులు స్త్రీలకు తెరువబడగానే తిరిగివచ్చి సక్రమంగా విద్యార్థిని అయినది.

అక్కడ ఆమెకు గురువు పాల్ గోర్డాన్, తండ్రికి చిరకాల మిత్రుడు. ఆయన గణితం పద్ధతి విచిత్రం. పుటల తరబడి సూత్రాలే తప్ప నడుమ మాట కనిపించదు. గురువు అడుగుజాడలలోనే శిష్యురాలు 1907లో డాక్టరేటు సిద్ధాంతవ్యాసం సమర్పించినది. ఒక జాతికి చెందిన సమీకరణాలలో ఎన్ని మార్పులు చేసినా మారక నిలిచే బీజరూపాలను 331 వరకు లెక్కగట్టి, ఆ పట్టికను చివర చేర్చినది. పరీక్షకులు అత్యున్నత శ్రేణిని ఇచ్చినారు. తరువాతి కాలంలో ఆమెకు ఆ గ్రంథం మాట ఎత్తితే చాలు, చిరాకు. వట్టి సూత్రాల అడవి అని తీసిపారవేసేది. ఒక పండితుని తొలి గ్రంథాన్ని లోకం మెచ్చడం, ఆ పండితుడే దానిని తిరస్కరించడం సాహిత్యంలోనూ ఉన్నదే. అయితే ఇక్కడ ఆ తిరస్కారం వెనుక ఒక సంపూర్ణ పరివర్తన ఉన్నది. లెక్కలు గట్టి ఫలితాన్ని రాబట్టడం కంటె, ఆ లెక్క ఎందుకు అట్లే రావలెనో చెప్పే మూలభావాన్ని పట్టుకోవడమే గణితమని ఆమె గ్రహించినది.

పట్టా చేతికి వచ్చినది కాని ఉద్యోగం రాలేదు. 1908 నుండి 1915 వరకు ఎర్లాంగెన్ గణితశాలలో ఆమె చేసిన పనికి కాసు కూడ ముట్టలేదు. తండ్రి ఆరోగ్యం బాగులేని దినాలలో ఆయన బదులు పాఠం చెప్పేది. పరిశోధన విద్యార్థులకు సాయం చేసేది. స్వయంగా వ్యాసాలు ప్రకటించేది. 1911లో అక్కడికి వచ్చిన ఎర్న్‌స్టు ఫిషర్ అనే ఆచార్యుడు ఆమెను హిల్బర్టు నూతనపద్ధతి వైపు మళ్లించినాడు. ఇద్దరూ ఒకే ఊరి వారు, ప్రతిదినం కలుసుకొనేవారు. అయినా సాయంకాలం ముచ్చట ముగిసిన తరువాత మిగిలిన ఆలోచనను పోస్టుకార్డుమీద వ్రాసి ఆమె ఆయనకు పంపేది. గణితం ఒంటరి గదిలో కాక ఇద్దరి మధ్య, పదిమంది మధ్య పుడుతుందనే నమ్మకం ఆ కార్డులలోనే కనిపిస్తుంది.

1915లో ఐన్‌స్టయిన్ నూతన సాపేక్షసిద్ధాంతంలోని కొన్ని చిక్కులు విప్పడానికి సాయం కావలసివచ్చి హిల్బర్టు, క్లైన్ ఇద్దరూ ఆమెను గొట్టింగెన్‌కు పిలిపించినారు. ఉపన్యాసకత్వం ఇప్పించవలెనని ప్రయత్నించినారు. గణిత, విజ్ఞానశాఖల వారు సమ్మతించినా, అదే విభాగంలోని చరిత్ర, భాషాశాస్త్ర పండితులు ససేమిరా అన్నారు. యుద్ధరంగం నుండి తిరిగివచ్చే సైనికులు ఒక స్త్రీ పాదాల చెంత కూర్చుని చదువుకోవలసి వస్తే ఏమనుకొంటారని వారి ఆక్షేపణ. ఇది విశ్వవిద్యాలయమా, స్నానశాలయా అని హిల్బర్టు మండిపడినట్లు చెప్పుకొంటారు. మండిపడినా ఫలితం లేకపోయినది. అట్టి నియామకాన్ని నిషేధించే శాసనం 1908 నాటినుండి ఉన్నది. అప్పుడు హిల్బర్టు ఒక ఉపాయం పన్నినాడు. ఉపన్యాసాలు ఆయన పేరున ప్రకటింపబడేవి. నోథర్ కుమారి సహాయంతో అని క్రింద చిన్నగా ఉండేది. చెప్పేది మాత్రం ఆమె. నాలుగేండ్లు ఈ విధంగా, పరుల పేరు చాటున పాఠాలు సాగినవి.

ఆ సంవత్సరాలలోనే 1918లో వెలువడినది భౌతికశాస్త్రంలో ఆమె పేరు నిలబెట్టిన సిద్ధాంతం. ప్రకృతి నియమాలలోని ప్రతి అవిచ్ఛిన్న సౌష్ఠవానికి తోడుగా ఒక నిత్యత్వ నియమం ఉంటుందని దాని సారం. ఒక ప్రయోగం నేడు చేసినా రేపు చేసినా ఫలితం ఒకటే అయినచో, ఆ కాలసౌష్ఠవం నుండియే శక్తి నిత్యత్వం సిద్ధిస్తుంది. ఇక్కడ చేసినా అక్కడ చేసినా ఒకటే అయినచో ద్రవ్యవేగ నిత్యత్వం, ఏ దిక్కుకు తిరిగి చేసినా ఒకటే అయినచో కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం కలుగుతవి. పాఠశాలలో వేరువేరు అధ్యాయాలుగా వల్లెవేసే మూడు నియమాలు ఈ విధంగా ఒకే తల్లి బిడ్డలని తేలినవి. గొట్టింగెన్ విజ్ఞాన పరిషత్తులో ఈ వ్యాసాన్ని సమర్పించినవాడు క్లైన్. ఆ పరిషత్తులో ఆమె సభ్యురాలు కాదు. తరువాత కూడ కాలేదు.

మొదటి ప్రపంచయుద్ధానంతరం జర్మనీలో ప్రభుత్వం మారినది. స్త్రీలకు వోటు వచ్చినది. 1919లో ఆమెకు ఉపన్యసించే హక్కు లభించినది. 1922లో ఆచార్య బిరుదు కూడ ఇచ్చినారు, జీతం లేకుండ. బిరుదును ఇచ్చి జీతాన్ని ఇవ్వకపోవడం గౌరవమో పరిహాసమో చదువరులే నిర్ణయించవలె. 1923లో బీజగణితం బోధించడానికని స్వల్పమైన ప్రతిఫలం ఏర్పాటు చేసినారు. అప్పటికి ఆమె వయస్సు 41.

ధనం విషయంలో ఆమెకు ఏ చింతా ఉండేది కాదు. చింత అంతా భావాల విషయంలోనే. 1921లో ప్రకటించిన వలయ సిద్ధాంత వ్యాసంతో బీజగణితం స్వరూపమే మారిపోయినది. అంతవరకు బీజగణితమంటే సమీకరణాలను సాధించే విద్య. సంఖ్యలను, సమీకరణాలను వదలి, వాటి వెనుక ఉన్న కూడికల, గుణకారాల వ్యవస్థలనే నేరుగా పరిశీలించవలెనని ఆమె చూపినది. ఒకదానికంటె ఒకటి పెద్దవిగా పెరుగుతూ పోయే గొలుసు ఎప్పటికైనా ఎక్కడనో ఒకచోట ఆగి తీరవలెనన్న ఒక్క సరళ నియమం నుండి ఎన్నో కఠిన ఫలితాలను అవలీలగా రాబట్టినది. ఆ నియమం గల వ్యవస్థలను నేటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు.

ఆమె తరగతి గదిని గురించి కొంచెం విపులంగా చెప్పవలె. మంచి ఉపన్యాసకురాలని ఆమెను ఎవరూ పొగడలేదు. మాట వేగం ఎక్కువ. వాక్యం సగంలో వదలి మరొక ఆలోచనకు దూకేది. నల్లబల్లమీద వ్రాసినదానిని వినేవారు ఎత్తుకొనకముందే తుడిచివేసేది. సిద్ధమై వచ్చిన పాఠం కాదది. గణితం అప్పటికప్పుడు ఆమె మనస్సులో రూపుగట్టుకొంటూండగా శిష్యులు కళ్లారా చూచేవారు. కొత్తగా వచ్చినవారు బెదరి మానుకొనేవారు. నిలిచినవారు అయిదుగురో పదిమందో. వారు మాత్రం జీవితాంతం నిలిచినారు. హాలండు నుండి వాన్ డెర్ వార్డెన్, చైనా నుండి త్సెన్, జపాన్ నుండి షోడా, పాలస్తీనా నుండి లెవిట్స్‌కీ, జర్మనీలోనే గ్రేటె హెర్మన్, డాయిరింగ్, ఫిట్టింగ్ మొదలైనవారు ఆ చిన్న కూటమిలో చేరినారు. నోథర్ పిల్లలని ఊరివారు వారిని పిలిచేవారు. సెలవుదినాన గణితశాల తలుపులు మూసి ఉన్నట్లయితే, అందరూ కలిసి ఊరి వెలుపలి అడవిలోనికి నడిచిపోయేవారు. దారి పొడవునా గణితమే. తిరుగుదారిలో ఒక కాఫీ దుకాణంలో మిగిలిన తర్కం. వాన పడినా నడక ఆగేది కాదు. ఆమె గొడుగు పాతబడి చిరుగులతో ఉండి నీటిని ఆపేది కాదని, బాగుచేయించుకొమ్మని ఎవరైనా అంటే వానలో గొడుగు సంగతి గుర్తుంటుంది కాని ఎండలో ఎవరికి గుర్తుంటుందని బదులిచ్చేదని అంటారు. ఇంటికి వచ్చినవారికి స్వయంగా వండిన పరమాన్నం వంటి తీపి పదార్థం పెట్టేది. వంట ఎట్లున్నదో శిష్యులు సెలవియ్యలేదు. మాటలు మాత్రం వారు మరువలేదు.

పైకి మొరటుగా, పెద్ద గొంతుతో, దుస్తులమీద శ్రద్ధ లేకుండ కనిపించే ఈ స్త్రీ తన భావాలను పంచిపెట్టినంత ఉదారంగా మరెవ్వరూ పంచిపెట్టి ఉండరు. శిష్యుని వ్యాసంలో సగం తనదైనా పేరు శిష్యునిదే. సుప్రసిద్ధమైన గణిత పత్రిక మత్తెమటిషె అన్నాలెన్‌కు వచ్చే వ్యాసాలను ఏండ్ల తరబడి ఆమె పరిశీలించి దిద్దినది. పత్రిక అట్టమీద ఆమె పేరు ఎన్నడూ వేయలేదు. 1924లో గొట్టింగెన్ చేరిన వాన్ డెర్ వార్డెన్ ఆమె ఉపన్యాసాలను, హాంబర్గులో ఎమిల్ ఆర్టిన్ ఉపన్యాసాలను ఆధారం చేసుకొని 1930, 1931 సంవత్సరాలలో నవీన బీజగణితంపై రెండు సంపుటాల గ్రంథాన్ని ప్రకటించినాడు. ప్రపంచమంతటా విద్యార్థులు బీజగణితాన్ని ఆ గ్రంథం ద్వారానే నేర్చుకొన్నారు.

టోపాలజీతో ఆమె సంబంధం కూడ ఇట్లే మాటలలో, నడకలలో, విందులలో ఏర్పడినదే. 1923లో మాస్కో నుండి ఇద్దరు యువకులు గొట్టింగెన్ వచ్చినారు. పావెల్ అలెగ్జాండ్రోవ్, పావెల్ ఉరిసోన్. ప్రాణమిత్రులు, ఇద్దరూ టోపాలజీలో కొత్త దారులు త్రొక్కినవారు. మరుసటి ఏడు వేసవిలో ఫ్రాన్సు సముద్రతీరాన ఈదుతూ ఉరిసోన్ మునిగి మరణించినాడు. దుఃఖంతో ఒంటరియైన అలెగ్జాండ్రోవ్ ఆ తరువాత ప్రతివేసవి గొట్టింగెన్ వస్తూండేవాడు. అక్కడ అతనికి ఎమ్మీ నోథర్ ఆప్తురాలైనది. పురుషులు మాత్రమే స్నానం చేసే నదీతీరపు ఈతశాలకు కూడ ఆమె నిస్సంకోచంగా వెళ్లి, ఈతకు నడుమ టోపాలజీ చర్చించేది.

అప్పటి టోపాలజీ స్థితిని కొంత తెలిసికొనవలె. ఘనానికి మూలలు 8, అంచులు 12, ముఖాలు 6. మూలలలో అంచులను తీసివేసి ముఖాలను కలిపితే 2 వస్తుంది. సమతల ముఖాలతో, గుంటలు లేకుండ ఉండే ఏ ఘనరూపానికైనా 2 వస్తుందని 18వ శతాబ్దంలో ఆయిలర్ కనుగొన్నాడు. గారె వలె రంధ్రం గల ఆకారానికి మాత్రం 0 వస్తుంది. రంధ్రాలను ఈ విధంగా సంఖ్యలతో పట్టుకొనే విద్యను 1871లో ఇటలీ దేశీయుడు బెట్టి, 1895 నుండి ఫ్రాన్సులో పొయంకారే విస్తరింపజేసినారు. ప్రతి ఆకారానికి కొన్ని సంఖ్యలు. వాటికి బెట్టి సంఖ్యలని పేరు. ఒక సంఖ్య ముక్కలెన్నియో చెబుతుంది, మరొకటి రంధ్రాలెన్నియో, ఇంకొకటి లోపల మూతపడిన బోలు ఖాళీలెన్నియో. టోపాలజీ పండితులు 30 సంవత్సరాలు ఈ సంఖ్యలనే పట్టికలనుండి సాధించుకొంటూ వచ్చినారు.

ఎమ్మీ నోథర్ చేసిన సూచన ఇంత మాత్రమే: సంఖ్యలను చూడవద్దు, వాటి వెనుక ఉన్న సమూహాలను చూడండి. ఒక ఇంటిలో ఎందరున్నారో లెక్కపెట్టడం ఒకటి. ఆ ఇంటివారిలో ఎవరికి ఎవరేమవుతారో ఎరుగడం మరొకటి. లెక్క తెలిసినంత మాత్రాన బంధుత్వం తెలియదు; బంధుత్వం తెలిస్తే లెక్క అడుగకుండానే తెలుస్తుంది. ఆకారంమీద గీయదగిన చుట్లను ఒకదానితో నొకటి కూడవచ్చు. వాటిలో ఏదో ఒక తలానికి అంచైన చుట్టును శూన్యంగా భావించవచ్చు. అట్లు చేయగా మిగిలేది ఒక సమూహం. బెట్టి సంఖ్య దాని కొలత మాత్రమే. అంతకంటె ముఖ్యమైన లాభం మరొకటి ఉన్నది. ఒక ఆకారాన్ని మరొక ఆకారంలోనికి పంపినప్పుడు సంఖ్యలు ఒకదానితో ఒకటి మాటలాడవు. సమూహాలు మాటలాడుతవి, మొదటిదానిలోని ఏ రంధ్రం రెండవదానిలో ఏమైనదో అవి చెప్పగలవు.

1925 జనవరి 27వ తేదీన గొట్టింగెన్ గణిత సంఘంలో ఆమె ఒక చిన్న ప్రసంగం చేసి, పట్టికల లెక్కలతో రాబట్టే ఒక పాత సిద్ధాంతం సమూహాల స్వభావం నుండే సిద్ధిస్తుందని చూపినది. మరుసటి సంవత్సరం ఆ ప్రసంగపు సంగ్రహం అచ్చయినప్పుడు ఒక్క పుట కూడ నిండలేదు. 1925 డిసెంబరులో ఆమె హాలండు వెళ్లినది. అక్కడ బ్లారికుమ్ గ్రామంలో టోపాలజీకి పెద్దదిక్కైన బ్రౌవర్ నివాసం. అలెగ్జాండ్రోవ్ అప్పుడు అక్కడనే ఉన్నాడు. ఆమె గౌరవార్థం బ్రౌవర్ ఇంట విందు జరిగినది. ఆ విందులోనే ఆమె ఈ సమూహాలను నిర్వచించి వివరించిందని అలెగ్జాండ్రోవ్ జ్ఞాపకం. ఆస్ట్రియా నుండి లియోపోల్డు వియెటోరిస్ అనే యువకుడు కూడ ఆ ఏడాది బ్రౌవర్ వద్ద పనిచేస్తూండినాడు. ఇతని సంగతి మరల రానున్నది. 1926, 1927 వేసవులలో అలెగ్జాండ్రోవ్, హైన్జ్ హాప్ఫ్ గొట్టింగెన్‌లో టోపాలజీ ఉపన్యాసాలిచ్చినప్పుడు ఆమె శ్రోతల నడుమ కూర్చుని తన పాటను వదలక పాడుతూనే ఉన్నది. 1928లో హాప్ఫ్ ప్రకటించిన వ్యాసంలో సంఖ్యల స్థానంలో సమూహాలు వచ్చినవి. ఆ మార్గం నోథర్ చూపినదని అతడు స్పష్టంగా ఒప్పుకొన్నాడు. పదేండ్లు తిరగకుండ శాస్త్రమంతా ఆ భాషలోనికి మారిపోయినది. టోపాలజీమీద ఆమె స్వయంగా ఒక్క వ్యాసమైనా ప్రకటించలేదు.

1928 శీతకాలంలో అలెగ్జాండ్రోవ్ ఆహ్వానంమీద ఆమె మాస్కో వెళ్లి, వసంతం వరకు అక్కడనే ఉండి పాఠాలు చెప్పినది. 1932లో స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో జరిగిన ప్రపంచ గణితజ్ఞుల మహాసభలో సర్వసభ్య సమావేశం ముందు ప్రసంగించే గౌరవం ఆమెకు దక్కినది. అంతకు ముందు ఏ స్త్రీకీ ఆ గౌరవం దక్కలేదు. ఆ ఏడే ఆర్టిన్‌తో కలిసి ఒక గణిత పురస్కారం కూడ పొందినది. ఆమె వయస్సు 50. గొట్టింగెన్‌లో స్థాయి మాత్రం 1923లో ఉన్నదే.

ఆ పాటి స్థానమైనా మిగులలేదు. 1933 జనవరిలో హిట్లర్ అధికారానికి వచ్చినాడు. ఏప్రిల్ 7న యూదులను, ప్రభుత్వానికి నచ్చని వారిని ఉద్యోగాలనుండి తొలగించే శాసనం పుట్టినది. ఆ నెల ముగియకముందే బోధన మానవలసినదని ఎమ్మీ నోథర్‌కు ఆజ్ఞ వచ్చినది. హెల్మూట్ హాసె అనే గణితజ్ఞుడు పలువురి చేత యోగ్యతా లేఖలు వ్రాయించి పంపినాడు, వినేవారు లేరు. సెప్టెంబరులో బోధించే హక్కే రద్దయినది. ఆ నడుమ నెలలలో ఆమె చేసిన పని తరగతిని తన ఇంటికి మార్చడం. నేలమీద కూర్చుని శిష్యులు పాఠం వినేవారు. వారిలో ఒకడు నాజీదళం వారి గోధుమరంగు దుస్తులలో వచ్చినప్పుడు కూడ ఆమె ఏమీ పట్టించుకోక, నవ్వి, గణితం కొనసాగించినదని చెబుతారు. తాను దిక్కులేనిదై ఉండి కూడ, తోటివారికి ఎక్కడ ఆశ్రయం దొరుకుతుందోనని ఆమె ఆరాటపడేదని ఆనాడు అక్కడ ఉన్న హెర్మన్ వైల్ చెప్పినాడు. ఆమె తమ్ముడు ఫ్రిట్సు కూడ గణితాచార్యుడే. అతడు ఉద్యోగం పోగొట్టుకొని సైబీరియాలోని టోమ్‌స్క్ చేరినాడు. 1937లో అక్కడి ప్రభుత్వం అతనిని బంధించి, 1941లో కాల్చి చంపినది. నిర్దోషి అని 1988లో తేల్చినారు.

1933 చివర ఎమ్మీ అమెరికా చేరినది. ఫిలడెల్ఫియా సమీపాన ఉన్న బ్రిన్ మార్ స్త్రీల కళాశాల ఆమెకు చోటిచ్చినది. శరణార్థులైన పండితులకై ఏర్పడిన సంఘం, రాక్‌ఫెల్లర్ నిధి ఖర్చు భరించినవి. ఆ కళాశాల గణితశాఖాధ్యక్షురాలు అన్నా పెల్ వీలర్ స్వయంగా గొట్టింగెన్‌లో చదివి వచ్చినది. అవమానమంటే ఏమో, గణితమంటే ఏమో రెండూ ఎరిగినది. జీవితంలో మొదటిసారిగా ఎమ్మీకి గణితం చదివే స్త్రీల నడుమ మసలే అవకాశం చిక్కినది. ఇక్కడా అవే నడకలు. ఉత్సాహం మించినప్పుడు ఇంగ్లీషు మరచి జర్మనులోనికి పోయేది. వీథి దాటుతూ వాహనాలను గమనించకపోతే శిష్యురాండ్రు కాచి దాటించేవారు. 1934 నుండి వారానికొకసారి ప్రిన్స్‌టన్ వెళ్లి అక్కడి ఉన్నత విద్యాసంస్థలో ఉపన్యసించేది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం అప్పటికి పురుషులకే.

1935 ఏప్రిల్‌లో ఉదరంలోని కంతికి శస్త్రచికిత్స చేసినారు. మొదట కోలుకొంటున్నట్లే కనిపించినది. నాలుగవనాడు, ఏప్రిల్ 14న, హఠాత్తుగా జ్వరం హెచ్చి మరణించినది. వయస్సు 53. కళాశాల గ్రంథాలయం చుట్టూ ఉన్న వసారా నడకబాట క్రింద ఆమె చితాభస్మాన్ని నిక్షేపించినారు. బ్రిన్ మార్‌లో వైల్, మాస్కోలో అలెగ్జాండ్రోవ్ సంస్మరణోపన్యాసాలు చేసినారు. స్త్రీలకు ఉన్నతవిద్య ప్రారంభమైన నాటినుండి జన్మించిన వారిలో అంతటి సృజనాత్మక గణిత ప్రతిభ మరొకటి లేదని ఐన్‌స్టయిన్ న్యూయార్క్ పత్రికకు లేఖ వ్రాసినాడు. వాన్ డెర్ వార్డెన్ ఆమెపై వ్రాసిన వ్యాసం, ఆమె పేరు వేయని ఆ అన్నాలెన్ పత్రికలోనే, నాజీల పాలనలోనే, 1935లో అచ్చయినది.

బ్రౌవర్ ఇంటి విందుకు, నేటి సంఖ్యారాశుల శాస్త్రానికి గల సంబంధం చెప్పవలసి ఉన్నది. ముంగిట ముగ్గుకై గుండ్రంగా పెట్టిన చుక్కలను ఊహించుకొనవలె. విడిచుక్కలకు రంధ్రమేమిటి? అయినా చూచే కంటికి వలయం కనిపిస్తూనే ఉన్నది. కన్ను చూచినదానిని యంత్రం చేత చూపించడమెట్లు? ఒక చిన్న దూరాన్ని నియమంగా పెట్టుకొని, దానికంటె దగ్గరగా ఉన్న చుక్కలనన్నిటిని కలుపవలె. రెండు కలిస్తే గీత, పరస్పరం దగ్గరగా మూడుంటే త్రిభుజం. ఈ పద్ధతిని 1927లో ప్రకటించినవాడే వియెటోరిస్. అతడు 110 సంవత్సరాలు జీవించి 2002లో మరణించినాడు. ఆ 2002లోనే ఎడెల్స్‌బ్రున్నర్, లెట్షర్, జొమరోడియన్ అనే ముగ్గురి వ్యాసం ఒకటి వెలువడినది. దూరనియమాన్ని ఒకచోట నిలుపక, క్రమక్రమంగా పెంచుతూ పోవలెనని వారి భావం. పెంచేకొలదీ విడిముక్కలు కలిసిపోతవి, రంధ్రాలు పుడుతవి, మరికొంత పెంచగా పూడిపోతవి. పుట్టిన వెంటనే పూడినది కొలతలోని పొరపాటు కావచ్చు. చిరకాలం నిలిచినది చుక్కల అమరికలోని సత్యం. ఈ దశలో పుట్టిన రంధ్రం తరువాతి దశలో ఉన్నదో పోయినదో చెప్పడానికి సంఖ్య చాలదు. సమూహం కావలె. 2005లో జొమరోడియన్, కార్ల్‌సన్ ఈ పుట్టుకలను, పూడికలను పొట్టివి పొడవువి అయిన గీతల పట్టికగా ఎట్లు విడదీయవచ్చునో బీజగణితంతో నిరూపించినారు. ఆ నిరూపణకు ఆధారమైన సిద్ధాంతం, 1925 జనవరిలో గొట్టింగెన్ సంఘం ముందు ఎమ్మీ నోథర్ వివరించిన దాని వంశంలోనిదే.

2011లో దీనికి సోదరి వంటి మరొక పద్ధతితో రొమ్ము క్యాన్సర్ కణితుల జన్యుసమాచారాన్ని పరిశీలించినప్పుడు, పాత పద్ధతులకు అందని ఒక రోగుల వర్గం ఆకారంలో ఒక కొమ్మగా విడివడి కనిపించినది. ఆ వర్గంలోని వారందరూ బ్రతికి బయటపడినవారే. 2017లో అనువర్తిత టోపాలజీకి ప్రత్యేకంగా ఒక పత్రిక వెలసినది. ఈ శాఖ వారు ఇంటర్నెట్ ద్వారా కూడ గోష్ఠులు జరుపుకొంటారు. ఒక దేశంలో ప్రసంగం, మరొక దేశంలో ప్రశ్న. 2016లో అమెరికాలోని మినియాపొలిస్‌లో, 2019లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో గణన టోపాలజీలో పనిచేసే స్త్రీల పరిశోధన సమావేశాలు జరిగినవి. వచ్చినవారు చిన్నచిన్న జట్లుగా కూర్చుని, ఒక్కొక్క జట్టు ఒక్కొక్క సమస్యను పంచుకొని పనిచేసినారు.